ఫోను ఒక వెర్షన్, పనిముట్లు ఇంకో వెర్షన్: మేనకోడలికి మామ రాసిన లేఖ

నల్లగొండ

చిరంజీవి మేనకోడలికి మామ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

మిర్యాలగూడ రైస్ మిల్లు కోసం మీరు ముగ్గురు కలిసి చేస్తున్న యాప్ గురించి నువ్వు రాసినదంతా రెండుసార్లు చదివాను. గేటు దగ్గర ట్రాక్టరుకు టోకెన్ ఇవ్వడం, ధాన్యంలో తేమ 17 శాతం దాటిందో లేదో నమోదు చేయడం, కాంటా తూకాన్ని రైతు పేరు మీద ఎక్కించడం వరకు అంతా సిద్ధమైందని, యాసంగి కోతలు మొదలయ్యేలోపు అప్పగించాలని, సరిగ్గా ఇప్పుడే రెండు ఆటంకాలు వచ్చిపడ్డాయని రాశావు. మీ ఐఫోను రాత్రికి రాత్రి ఐఓఎస్ 18కి మారిపోయి మీ మాక్‌లోని ఎక్స్‌కోడ్‌కు, అంటే ఐఫోను యాప్‌లు తయారుచేసే ఆపిల్ పనిముట్టుకు, అందకుండా పోయింది. గేటు గుమస్తా పాత ఆండ్రాయిడ్ ఫోనులోనేమో యాప్ అసలు ఎక్కడమే లేదు. రెండు రోజులుగా కోడ్‌లో తప్పు వెతుకుతున్నామని కూడా రాశావు. బిడ్డా, ముందు ఆ వెతుకులాట ఆపు. మొన్న నడిచిన కోడ్‌ను మీరెవరూ ముట్టుకోలేదు కదా, మారింది దాని చుట్టూ ఉన్న సరంజామా.

ఇలాంటి సమయంలో నేను మొదట చేసే పని ఒక తెల్ల కాగితం తీసుకోవడం. ఫోను మోడల్, దాని ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్, కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్, ఎక్స్‌కోడ్ లేదా ఆండ్రాయిడ్ స్టూడియో వెర్షన్, యాప్ ఎక్కడానికి ఫోనుకు ఉండాలని ప్రాజెక్టులో రాసుకున్న కనిష్ఠ వెర్షన్, బిల్డ్ పనిముట్ల (కోడ్‌ను యాప్‌గా మార్చేవాటి) వెర్షన్లు, వీటన్నిటినీ కళ్లతో చూసి రాయాలి. జ్ఞాపకం మీద రాస్తే ఆ కాగితం ఎందుకూ పనికిరాదు. తర్వాత ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఫోను పనిముట్ల కంటే ముందుకు పోయిందా, లేక పనిముట్లు ఫోను కంటే ముందుకు పోయాయా? మీ రెండు ఆటంకాలు పైకి ఒకే జబ్బులా కనిపిస్తున్నా, ఐఫోనుది మొదటి రకం, గుమస్తా ఫోనుది రెండో రకం. ఒకదాని మందు ఇంకొకదానికి వేస్తే నష్టమే తప్ప లాభం లేదు.

ఐఫోను సంగతి ముందు చూద్దాం. మీ దగ్గరున్నది 2017 నాటి మాక్‌బుక్ ఎయిర్ అని రాశావు. ఆపిల్ దానికి ఇచ్చిన ఆఖరి సిస్టమ్ మాంటెరే, అంటే మాక్ ఓఎస్ 12. మాంటెరే మీద నడిచే ఆఖరి ఎక్స్‌కోడ్ 14.2, అది ఐఓఎస్ 16.2 కాలం నాటిది. ఐఓఎస్ 17 నుంచి ఫోనుతో మాట్లాడే పద్ధతినే ఆపిల్ మార్చింది కాబట్టి అక్కడి నుంచి కనీసం ఎక్స్‌కోడ్ 15 కావాలి, దానికి మాంటెరే తర్వాతి సిస్టమ్ వెంచురా 13.5 కావాలి, వెంచురా మీ మాక్‌లో దిగదు. ఈ గొలుసులో ఏ కొక్కెం దగ్గర తెగిందో తెలియకుండా కేబుళ్లు మార్చడం, ఫోను పదిసార్లు తీసి పెట్టడం వల్ల రోజులే పోతాయి. పాత రోజుల్లో కొత్త ఎక్స్‌కోడ్‌లోని డివైస్ సపోర్ట్ ఫోల్డరును (కొత్త ఐఓఎస్ ఫోన్లతో పనిచేయడానికి కావలసిన ఫైళ్లను) పాత ఎక్స్‌కోడ్‌లోకి కాపీ చేసి గండం గట్టెక్కేవాళ్లం. ఆ చిట్కా ఇప్పటికీ చాలామంది చెబుతారు, ఐఓఎస్ 16 వరకు అది పనిచేసేది కూడా. 17 నుంచి పనిచేయదు కనుక దాని మీద ఒక్క పూట కూడా ఖర్చు పెట్టకు. ఫోనును వెనక్కి తీసుకుపోదామన్నా కుదరదు, ఎందుకంటే కొత్త వెర్షన్ వచ్చిన కొద్ది రోజులకే పాతదానికి ఆపిల్ డిజిటల్ సంతకం చేయడం మానేస్తుంది, సంతకం లేని సిస్టమ్‌ను ఫోను ఎక్కించుకోదు.

అనధికారిక పద్ధతిలో పాత మాక్ మీద కొత్త సిస్టమ్ ఎక్కించే వాళ్లున్నారు. సరదాకైతే సరే, గడువు నెత్తి మీద ఉన్నప్పుడు ఆ సాహసం వద్దు. ఎక్స్‌కోడ్ 14.2తో పాటు వచ్చే సిమ్యులేటర్, అంటే కంప్యూటరు తెర మీదే నడిచే ఉత్తుత్తి ఐఫోను, ఐఓఎస్ 16.2ది, దానికి మీ ఫోనుతో సంబంధమే లేదు కాబట్టి తెరల అమరిక, ఫారాల నింపుడు వంటి పరీక్షలు ఈ వారమంతా అందులోనే చేసుకోవచ్చు. ఇక అసలు ఫోను మీద పరీక్షకు దారి రెండే. ఒకటి, నెలకింతని ఇంటర్నెట్‌లో అద్దెకు దొరికే క్లౌడ్ మాక్ మీద బిల్డ్ చేసి టెస్ట్‌ఫ్లైట్ (పరీక్ష కోసం యాప్‌లు పంపే ఆపిల్ సేవ) ద్వారా ఫోనులోకి పంపడం. రెండోది, 2020 నాటి ఎం1 మాక్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో చూసుకోవడం. నన్నడిగితే రెండోదే మేలంటాను, ఎందుకంటే 2025 ఏప్రిల్ 24 నుంచి ఎక్స్‌కోడ్ 16 కంటే పాతదానితో బిల్డ్ చేసిన యాప్‌లను ఆపిల్ తీసుకోవడం లేదు. ఈ రోజు ఫోను అడ్డం తిరగకపోయినా, అప్పగించే రోజున మీ పాత మాక్ ఎట్లాగూ అడ్డం తిరిగేదే.

కొత్త మాక్ వచ్చాక ఒక జాగ్రత్త. ఐఓఎస్ 16 నుంచి ఫోను సెట్టింగుల్లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డెవలపర్ మోడ్ ఆన్ చేసి, ఫోను రీస్టార్ట్ చేయాలి. దీన్ని మరచి వెర్షన్ గొడవ అనుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

మాక్ విషయంలో నేను చేసిన తప్పు కూడా నీకు చెప్పాలి. వెంచురా తర్వాతి సిస్టమ్ సోనోమా కొత్తగా వచ్చిన రోజుల్లో, అప్పటి నా ఆఫీసులో ఒక సాయంత్రం ఆలోచించకుండా సిస్టమ్ అప్‌డేట్ నొక్కి ఇంటికి పోయాను. పొద్దున వచ్చి చూస్తే, నడుస్తున్న ప్రాజెక్టుకు ప్రాణాధారమైన ఎక్స్‌కోడ్ 14 గుర్తు మీద అడ్డగీత పడి ఉంది, ఈ సిస్టమ్ మీద అది తెరుచుకోదని సందేశం వచ్చింది. ఎక్స్‌కోడ్ 15కి మారితే రెండు లైబ్రరీలు (మేం వాడుకునే, ఇతరులు రాసిపెట్టిన కోడ్) బిల్డ్ కాలేదు. డిస్కు తుడిచి పాత సిస్టమ్ తిరిగి ఎక్కించేసరికి రెండు రోజులు గడిచాయి, ఆ రెండు రోజులూ నా కింది పిల్లలకు మొహం చూపించలేకపోయాను. అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను: పాత ఎక్స్‌కోడ్‌ను తీసేయకుండా పేరు మార్చి పక్కన ఉంచుతాను, కొత్తదాన్ని దాని పక్కనే పెట్టి, ఏది వాడాలో ఎక్స్‌కోడ్ సెలెక్ట్ ఆదేశంతో ఎంచుకుంటాను. పని పూర్తయ్యేదాకా సిస్టమ్ అప్‌డేట్ జోలికి పోను.

ఇక గుమస్తా ఫోను. ఆండ్రాయిడ్ యాప్‌ను ఎక్కించే ఏపీకే ఫైలును వాట్సాప్‌లో పంపి, ఫోనులోనే తెరిచి ఎక్కించబోతే ప్యాకేజీని చదవడంలో సమస్య అని వచ్చిందన్నావు. ఆ మాటకు అర్థం ఏమీ లేదు, పది కారణాలకు అదే మాట వస్తుంది. ఫోనును కేబుల్‌తో కంప్యూటరుకు తగిలించి ఏడీబీ (కంప్యూటరు నుంచి ఆండ్రాయిడ్ ఫోనుతో మాట్లాడే పనిముట్టు) ఇన్‌స్టాల్ ఆదేశంతో ఎక్కించు, అప్పుడు అసలు కారణం బయటపడుతుంది. ఓల్డర్ ఎస్‌డీకే అన్నదంటే మీరు రాసుకున్న కనిష్ఠ వెర్షన్ కంటే ఫోను పాతదని అర్థం. అప్‌డేట్ ఇన్‌కంపాటిబుల్ అంటే అదే పేరుతో వేరే సంతకమున్న యాప్ అప్పటికే ఉంది, పాతదాన్ని తీసేస్తే చాలు. వెర్షన్ డౌన్‌గ్రేడ్ అంటే ఉన్నదానికంటే పాత బిల్డ్ ఎక్కిస్తున్నారన్న మాట. యూజర్ రిస్ట్రిక్టెడ్ అన్నదంటే అది షావోమి వంటి ఫోన్లలో డెవలపర్ ఆప్షన్స్ కింద ఇన్‌స్టాల్ వయా యూఎస్‌బీ అనే మీట ఆన్ చేయకపోవడం. ఏడీబీకి ఫోనే కనిపించకపోతే మాత్రం ముందు కేబులు మార్చి చూడు, చార్జింగ్‌కు తప్ప డేటాకు పనికిరాని కేబుళ్లు ప్రతి ఇంట్లో ఉంటాయి.

ఆ ఫోను ఆండ్రాయిడ్ 6 అంటున్నావు కనుక దాని ఏపీఐ స్థాయి, అంటే యాప్‌లు చూసుకునే ఆండ్రాయిడ్ వెర్షన్ అంకె, 23. మీ ప్రాజెక్టులో మిన్ ఎస్‌డీకే (అంటే ఆ కనిష్ఠ వెర్షన్) 24 అని ఉంటుందని నా అనుమానం, ఎందుకంటే ఆండ్రాయిడ్ స్టూడియో కొత్త ప్రాజెక్టులో తానుగా చూపే అంకె అదే, చాలామంది దాన్ని చూడకుండానే ముందుకు నొక్కుతారు. ఈ అంకె మూడింటిలో ఒకటని గుర్తుంచుకో. కంపైల్ ఎస్‌డీకే అంటే ఏ పుస్తకం చూసి కోడ్ రాశారన్నది, దాన్ని ఎంత పెంచినా పాత ఫోన్లకు ఇబ్బంది లేదు. టార్గెట్ ఎస్‌డీకే అంటే ఏ కాలపు నియమాలకు కట్టుబడతామని యాప్ ఒప్పుకున్నదో అది. మిన్ ఎస్‌డీకే ఒక్కటే గేటు మూసేది.

ఆ 24ను 23 చేస్తే పని అయిపోయిందనుకోకు. మీరు వాడే లైబ్రరీల్లో ఏదైనా తన కనిష్ఠం 24 అని చెప్పుకుంటే మేనిఫెస్ట్ మెర్జర్ దగ్గర, అంటే యాప్, లైబ్రరీల వివరాలను కలిపే దశలో, బిల్డ్ ఆగుతుంది. ఆ హెచ్చరికను బలవంతంగా దాటించే ఓవర్‌రైడ్ లైబ్రరీ అనే అవకాశం ఉంది కాని, అది ఎర్రర్‌ను బిల్డ్ దగ్గర నుంచి గుమస్తా చేతిలోకి బదిలీ చేయడమే. ఆ లైబ్రరీ పాత వెర్షన్‌ను వెతకడం మంచిది. ఇంకొకటి, టోకెన్ తేదీల కోసం మీరు జావా టైమ్ తరగతులు (తేదీ, సమయం లెక్కగట్టే తయారు కోడ్) వాడి ఉంటే అవి ఏపీఐ 26 నుంచే ఫోనులో ఉంటాయి. అలాంటి కోడ్‌ను పాత ఫోన్లకూ అందించే కోర్ లైబ్రరీ డీషుగరింగ్ ఆన్ చేయకపోతే యాప్ చక్కగా ఎక్కి, తేదీ తెర తెరవగానే కూలిపోతుంది. కోడ్‌లో పొరపాట్లు పట్టే లింట్‌లో న్యూ ఏపీఐ అనే హెచ్చరికలు ఇవే చెబుతాయి. మీరు వాటిని మూసేసి పెట్టుకున్నారని నాకు తెలుసు, పోయిన పండుగకు వచ్చినప్పుడు మీ తెర చూశాను.

మీ జట్టులో ఒకరు గుమస్తాను కొత్త ఫోను కొనుక్కోమందామన్నారని రాశావు. నాకు ఆ మాట నచ్చలేదు. సాగర్ ఎడమ కాలువ కింద ధాన్యం తెచ్చే రైతులు, మిల్లులో హమాలీలు వాడేవి ఏ ఫోన్లో ఒక రోజు గేటు దగ్గర నిలబడి చూసి, ఆ తర్వాత కనిష్ఠ వెర్షన్ నిర్ణయించండి. అక్కడ ఆండ్రాయిడ్ 6 ఫోను అదొక్కటే అయితే గుమస్తాకు మిల్లు యజమాని చేత ఫోను ఇప్పించడంలో తప్పులేదు. పది కనిపిస్తే మాత్రం ఆ పని కోడ్ చేయాల్సిందే.

ఫోనులో యాప్ ఎక్కాక సర్వరుతో కలవకపోతే అప్పుడు కూడా కోడ్‌ను అనుమానించకు. మీ సర్వరుకు లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారి ఉచిత సర్టిఫికెట్ (సర్వరు అసలైనదేనని ఫోనుకు చూపే రుజువు) వాడుతున్నారు కదా. దానికి పునాదిగా ఫోను నమ్మాల్సిన మూల సర్టిఫికెట్‌ను ఆండ్రాయిడ్ 7.1.1 నుంచి ఫోన్లు గుర్తిస్తాయి. అంతకు ముందరి ఫోన్ల కోసం ఉంచిన పాత సంతకం గడువు 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. అందుకే మీ ఫోన్లలో నడిచేది ఆ ఫోనులో సంబంధం కుదరలేదంటుంది. ఆ మూల సర్టిఫికెట్‌ను యాప్‌లోనే పెట్టుకోవచ్చు. కాని నెట్‌వర్క్ సెక్యూరిటీ కాన్ఫిగ్ అనే సులువు పద్ధతి ఆండ్రాయిడ్ 7 నుంచే చెల్లుతుంది కాబట్టి, 6 కోసం కోడ్‌లోనే ఆ ఏర్పాటు రాయాలి, లేదా పాత ఫోన్లు నమ్మే వేరే సంస్థ సర్టిఫికెట్ తీసుకోవాలి. దయచేసి సర్టిఫికెట్ తనిఖీనే ఎత్తివేయవద్దు, అది రైతుల లెక్కల పుస్తకం. అన్నట్టు, ఇవన్నీ చేసే ముందు ఫోనులో తేదీ సరిగా ఉందో లేదో చూడు. బ్యాటరీ పాడైన ఫోను పాత తేదీకి పోతే ఏ సర్టిఫికెట్టూ నమ్మదు.

ఫోను ఊసే లేకుండా పనిముట్లు తమలో తాము కొట్లాడుకునే సందర్భాలూ ఉన్నాయి. అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 61 అని వస్తే ఆ అంకెలో నుంచి 44 తీసేయి, 17 వస్తుంది, అంటే జావా 17ను మీ పాత గ్రేడిల్ (ఆండ్రాయిడ్ యాప్‌ను బిల్డ్ చేసే పనిముట్టు) అర్థం చేసుకోలేకపోతున్నది. 65 వస్తే జావా 21. గ్రేడిల్ 7.3 నుంచి జావా 17ను, 8.5 నుంచి జావా 21ను ఒప్పుకుంటుంది. ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 8.0కు జావా 17 తప్పనిసరి. ఏడీబీ సర్వర్ వెర్షన్ సరిపోలేదు, చంపుతున్నాను అని పదే పదే వస్తుంటే కంప్యూటరులో రెండు ఏడీబీలు ఉన్నాయి. ఫోను తెరను కంప్యూటరులో చూపించే సాఫ్ట్‌వేర్లు తమ వెంట ఒకటి తెచ్చుకుంటాయి. ఒక్కటే మిగిల్చి పాత్‌లో, అంటే ఆదేశాల కోసం కంప్యూటరు వెతికే చోట్ల జాబితాలో, దానినే పెట్టు.

అన్నీ కుదిరి యాప్ నడిచినా ప్రవర్తన తేడాగా ఉండవచ్చు. లారీ వచ్చిందన్న నోటిఫికేషన్ మేనేజరు కొత్త ఫోనులో మోగడం లేదన్నావు కదా, ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్తగా ఎక్కించిన యాప్ నోటిఫికేషన్లకు అనుమతి అడిగి తీసుకోవాలి. టార్గెట్ ఎస్‌డీకే 33 గాని ఆపై గాని ఉంటే ఆ అడగడం మీ కోడ్ బాధ్యత.

ఒకేసారి రెండు మార్పులు చేయకు. ఒక్క వెర్షన్ మార్చు, పరీక్షించు, కాగితం మీద రాయి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తి అన్నిటినీ ఒకేసారి తాజాకు పెంచితే, ఆ తర్వాత నడిచినా దేనివల్ల నడిచిందో తెలియదు, నడవకపోతే దారే దొరకదు. ఏ గ్రేడిల్ వాడాలో చెప్పే గ్రేడిల్ వ్రాపర్ ఫైళ్లను కోడ్‌తో పాటే గిట్‌లో, అంటే మీరంతా పంచుకునే కోడ్ నిల్వలో, ఉంచితే ముగ్గురి కంప్యూటర్లలోనూ ఒకే గ్రేడిల్ నడుస్తుంది. పరీక్షల ఫోన్లన్నిటిలో ఆటోమేటిక్ అప్‌డేట్ ఈ రోజే ఆపేయి.

ఆదివారం నల్లగొండ వస్తానన్నావు కదా, గుమస్తాకు ఒక పూటకు వేరే ఫోను ఇచ్చి అతని ఫోను, దానితో పాటు మీ వెర్షన్ల కాగితం పట్టుకొని రా. మీ అత్తయ్య మీ అమ్మకోసం మామిడికాయ తొక్కు సీసా కట్టి ఉంచింది, ఖాళీ సంచి ఒకటి తెచ్చుకో.

ఆశీస్సులతో,
మామ