చెవి పెన్షన్ కేసు వెనక్కి తీసుకోవచ్చా?

ప్రశ్న: ఆర్టిలరీలో 24 ఏళ్లు చేసి 2019లో హవల్దారుగా రిటైరయ్యాను. గన్నుల మోతకు ఎడమ చెవి దెబ్బతింది. మెడికల్ బోర్డు 20 శాతం వైకల్యం అని రాసింది గానీ సర్వీసు వల్ల వచ్చింది కాదంది. అప్పీలు కొట్టేశారు. చెన్నైలో సాయుధ దళాల ట్రిబ్యునల్‌కి వెళ్లాను, వాయిదాల మీద వాయిదాలు. కేసు తీసేసుకుంటే ఆఫీసువాళ్లే ఇచ్చేస్తారని, లేకపోతే ఉన్న పెన్షన్ కూడా ఆగుతుందని తెలిసినవాళ్లు అంటున్నారు. ఇంట్లో కూడా ఇక చాలంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక మాజీ సైనికుడు, రాజోలు

జవాబు: తొందరపడి సంతకం పెట్టకండి. పెన్షన్ ఆగుతుందన్న టెన్షన్ ముందు వదిలేయండి, అది మీరు చేసిన సర్వీసుకి వచ్చేది, వైకల్యం డబ్బు అడిగారని దాన్ని ఆపరు. కేసు తీసేస్తే ఇచ్చేస్తామని ఎవరైనా కాగితం మీద రాసిచ్చారా? మంజూరు ఉత్తర్వు చేతికొచ్చాక తీసేసుకోండి, అంతకుముందు వద్దు.

మీ కేసులో పస ఉందండీ. చేరేటప్పుడు మెడికల్ రికార్డులో ఏ లోపమూ రాయకపోతే, తర్వాత వచ్చింది సర్వీసు వల్లనే అనుకోవాలని, కాదని రుజువు చేయాల్సింది ప్రభుత్వమేనని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు చేరినప్పటి కాగితంలో వినికిడి దగ్గర ఏం రాశారో, బోర్డు ‘కాదు’ అన్నచోట కారణం చూపించిందా లేక ఒక్క ముక్కలో తేల్చేసిందా, ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. 2014 నాటి రామ్ అవతార్ తీర్పు ప్రకారం 20 శాతాన్ని 50గా లెక్కగట్టాలి. నూటికి నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం ఇస్తారు కాబట్టి మీకు 6 శాతం బదులు 15 శాతం, అదీ జీవితాంతం. ఇంత డబ్బు ఎవరో చెప్పిన మాటకు వదులుకోవడం నాకైతే బాధగా ఉంది.

ప్రతి వాయిదాకీ రాజమండ్రి వెళ్లి రైలెక్కాల్సిన పని లేదు, లాయరు హాజరైతే చాలు.

అర్జీలోనే లోపం ఉండి తీసేయక తప్పదని లాయరు అంటే అది వేరే సంగతి. అప్పుడు కూడా ‘మళ్లీ దాఖలు చేసుకునే అనుమతితో’ అన్న మాట ఉత్తర్వులో ఉండాలి, కేసు వెనక్కి తీసుకుంటున్నామని ఇచ్చే మెమోలో అడిగితే సరిపోదు. అనుమతి లేకుండా రిట్ పిటిషన్ వెనక్కి తీసుకుంటే అదే విషయంపై హైకోర్టులో మళ్లీ వేయడానికి లేదని 1986లోనే సుప్రీంకోర్టు సర్గుజా ట్రాన్స్‌పోర్ట్ కేసులో తేల్చింది, మీది ట్రిబ్యునల్ కేసే అయినా ప్రభుత్వం వైపువాళ్లు ఆ తీర్పును మీ మీదా వాడొచ్చు. పైగా ఆలస్యంగా మళ్లీ వేస్తే బకాయిలు మూడేళ్లకే కుదించవచ్చు, 2008 తార్సేమ్ సింగ్ తీర్పు అలాంటిదే. మెమో ఏదైనా ఇంటికి తెచ్చుకుని చదివాకే సంతకం పెట్టండి, దాని నకలు కూడా దగ్గర ఉంచుకోండి.