పక్కింటి పిల్లకి ప్రీ-కే ఫ్రీ, మన పిల్లకి ఫీజు ఎందుకు?

డాలస్ చుట్టుపక్కలకి కొత్తగా వచ్చినవాళ్లు అడ్మిషన్ల టైముకి తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. ఒకే అపార్ట్‌మెంట్, ఒకే స్కూలు, ఇద్దరు పిల్లలకీ నాలుగేళ్లే, వాళ్లకేమో ఫ్రీ అన్నారట, మమ్మల్నేమో నెలనెలా ఫీజు కట్టమంటున్నారు, ఇదేం పక్షపాతమండీ అని. పక్షపాతం కాదు, ఆ పిల్లకి డబ్బు ఎవరిస్తున్నారన్న లెక్క.

కిండర్‌గార్టెన్ నుంచి అందరికీ ఉచితమే. దానికి ముందు ఏడాది, అంటే ప్రీ-కే మాత్రం టెక్సస్‌లో అందరికీ కాదు. సెప్టెంబర్ 1కి నాలుగేళ్లు నిండి ఉండాలి, పైగా ఇంగ్లీషు రాకపోవడమో, ఇంట్లో ఆదాయం తక్కువ కావడమో, తల్లో తండ్రో సైన్యంలో ఉండటమో, ఇలా చట్టంలో రాసిన కారణాల్లో ఒకటైనా ఉండాలి. అలాంటి పిల్లలు 15 మంది ఉంటే స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ఆ ప్రాంతంలో ప్రభుత్వ స్కూళ్లు నడిపే సంస్థ, ప్రీ-కే పెట్టి తీరాలి. మన ఐటీ జీతాలకి ఆదాయం దారి ఎలాగూ మూసుకుపోయింది కాబట్టి మనవాళ్లలో చాలామందికి మిగిలేది ఇంగ్లీషు రాకపోవడం ఒక్కటే.

ఇక అసలు చిక్కు. 2019లో వచ్చిన చట్టం అర్హులైన నాలుగేళ్ల పిల్లలకి రోజంతా క్లాసు నడపమంది, కానీ హాజరు లెక్కన రాష్ట్రం ఇచ్చే డబ్బు సగం పూటకే ఉంచింది. అప్పట్లో పెద్ద పిల్లలకి తలకి ఏడాదికి లెక్కగట్టే మూల మొత్తం 6,160 డాలర్లు, 2025లో దాన్ని 55 డాలర్లు పెంచారు. ప్రీ-కే పిల్లకి అందులో సగం. టీచరు మాత్రం సగం జీతానికి రాదు కదా! ఆ లోటు కోసం ఇంకో పద్దు పెట్టారు గానీ దాన్ని లెక్కగట్టేది కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి దాకా ఉన్న పేద పిల్లల్నీ, ఇంగ్లీషు నేర్చుకుంటున్నవాళ్లనీ చూసి. అలాంటి పిల్లలు తక్కువున్న మన సబర్బ్‌లకి ఆ పద్దులో వచ్చేదీ తక్కువే. మిగతాది డిస్ట్రిక్టే ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి. అర్హత లేని పిల్లకైతే రాష్ట్రం పైసా ఇవ్వదు, ఆ ఖర్చు మన దగ్గర ఫీజుగా వసూలు చేస్తారు. కాకపోతే అయ్యే ఖర్చుకి మించి తీసుకోకూడదు, ఆ రేటుకి రాష్ట్ర విద్యాశాఖ ఒప్పుకోవాలి కూడా. బయట డేకేర్ రేట్లు కనుక్కుని ఆ తర్వాత కోప్పడండి.

ఇల్లు కొన్నవాళ్లు ఇంకోటి అడుగుతారు, అంత ప్రాపర్టీ ట్యాక్స్ కడుతున్నాం, కొత్త స్టేడియానికి డబ్బుంది గానీ ప్రీ-కే టీచరుకి లేదా అని. ట్యాక్స్ బిల్లు తీసి స్కూలు రేటు చూడండి, అందులో రెండు ముక్కలుంటాయి. ఎం అండ్ ఓ అన్నది జీతాలకీ రోజువారీ ఖర్చులకీ, ఐ అండ్ ఎస్ అన్నది బిల్డింగుల కోసం తెచ్చిన బాండ్ల అప్పు తీర్చడానికి. బాండు డబ్బుతో జీతాలివ్వడం కుదరదు. పైగా ఆస్తుల విలువ ఎక్కువున్న ప్లేనో లాంటి డిస్ట్రిక్టులు జీతాల వాటాలోంచే కొంత వెనక్కి రాష్ట్రానికి కట్టాలి, 1993 నుంచీ ఉన్న ఈ పద్ధతిని ఇక్కడందరూ రాబిన్‌హుడ్ అంటారు. అద్దెకున్నవాళ్లు మాకేం సంబంధం అనుకోకండి, ఓనరు ఆ ట్యాక్సు మన అద్దెలో కలిపే వేస్తాడు.

అప్లికేషన్‌తో పాటు ఇంట్లో ఏ భాష ఎక్కువ మాట్లాడతారని అడిగే కాగితం ఒకటి ఇస్తారు. మనవాళ్లు నామోషీగా ఫీలై, లేదా పిల్ల వెనకబడిందనుకుంటారని టెన్షన్ పడి, ఇంగ్లీషు అని రాసేస్తారు. రాస్తే ఇక ఆ దారిలో టెస్టే పెట్టరు. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంటే తెలుగు అనే రాయండి. అప్పుడు పిల్లని కూర్చోబెట్టి చిన్న ఇంగ్లీషు పరీక్ష పెడతారు, స్కోరు తక్కువొస్తే అర్హత వచ్చినట్టే. యూట్యూబ్ పుణ్యమా అని పిల్ల గడగడా చెప్పేస్తే రాదు, అది వేరే సంగతి. ఫ్రీ సీటు కోసం ఉన్నది లేనట్టు రాయడం మాత్రం వద్దు. ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్ల అని వచ్చిన ఆ గుర్తింపు కిండర్‌గార్టెన్‌తో పోదు, తర్వాతి తరగతుల్లోనూ ఏటా టెస్టులుంటాయని తెలుసుకునే సంతకం పెట్టండి.

సీటొచ్చాక సంక్రాంతికని నెలన్నర ఇండియా వెళ్లేవాళ్లకి ఒక మాట. టెక్సస్‌లో డబ్బొచ్చేది పేరు రాసుకున్నందుకు కాదు, క్లాసులో కూర్చున్నందుకు. ఒక నిర్ణీత సమయానికి హాజరు తీస్తారు, ఆ నిమిషానికి పిల్ల అక్కడ లేకపోతే ఆ రోజు డబ్బు రానట్టే. ప్రీ-కే తప్పనిసరి చదువు కాకపోయినా ఒకసారి చేర్పించాక హాజరు తప్పనిసరే. డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉంటే ముందో వెనకో అదే రోజు స్కూల్లో కాసేపైనా ఉంచి, డాక్టరు చీటీ ఇవ్వండి, హాజరుగానే లెక్కేస్తారు.

అట్లాంటా వైపు వెళ్తున్నవాళ్లకి ఈ గొడవ లేదు, జార్జియాలో లాటరీ టికెట్ల డబ్బుతో 1995 నుంచి ఆదాయం చూడకుండా నాలుగేళ్ల పిల్లలందరికీ తలుపులు తెరిచారు, సీట్లు ఉన్నంతవరకే అనుకోండి. కాలిఫోర్నియాలో కూడా 2025–26 నుంచి సెప్టెంబర్ 1కి నాలుగేళ్లు నిండిన అందరికీ ఇచ్చేశారు.

పిల్లకి మాటలు ఆలస్యమైతే ఈ అర్హతల జాబితాతో పనే లేదు. మూడేళ్లు నిండిన దగ్గర్నుంచి డిస్ట్రిక్టే ఉచితంగా పరీక్షించాలి, అవసరమని తేలితే క్లాసూ థెరపీ కూడా ఉచితమే, దానికి వేరే కేంద్ర చట్టం ఉంది, జీతం అడగరు. ఫోన్లో కాకుండా మెయిల్ రాసి అడగండి, రాతపూర్వకంగా అడిగితే 15 స్కూలు రోజుల్లో జవాబివ్వాలి.