ఇంజన్ స్టార్ట్ చేయకముందే చెప్పాల్సిన రేట్లు

అల్లుడూ,

శంకర్‌పల్లి పని సంగతి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నీ చక్రాల రంపం మిల్లుతో రెండు రోజులు దుంగలు కోస్తే డీజిలూ కూలీలూ పోను చేతిలో ఏమీ మిగల్లేదని దిగులు పడుతున్నావట. ఘనపుటడుగు కోతకు నువ్వు తీసుకునే అడుగు రేటు బాగానే ఉంది. డబ్బంతా పోయింది పై పనుల్లో. మేకు తగిలి బ్లేడ్ పోయింది, ఓనర్ వచ్చేదాకా రెండు గంటలు కూర్చున్నావు, పలకలు పేర్చావు, రంపపు పొట్టు ఎత్తించావు. అన్నీ ‘చిన్నవే కదా’ అని ఊరికే చేసిపెట్టావు.

ఈ పనుల రేట్లు దుంగ పక్కన నిలబడి, ఇంజన్ స్టార్ట్ చేయకముందే చెప్పాలి. నేనిది నష్టపోయి నేర్చుకున్నాను. చేవెళ్ల దగ్గర ఒక తోటలో పాత వేప దుంగ కోస్తున్నాను. మూడో కోతలో కీచుమని చప్పుడొచ్చింది, నిప్పురవ్వలు లేచాయి. దుంగ తిప్పి చూస్తే నాలుగంగుళాల లోపల ఉయ్యాల కొక్కెం, దాని చుట్టూ చెట్టు పెరిగిపోయి ఉంది. సాయంత్రం బిల్లులో బ్లేడ్ రాస్తే ఆ పెద్దాయన ముఖం మాడ్చుకున్నాడు. ‘పొద్దున ఎందుకు చెప్పలేదు?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన అడిగింది న్యాయమే.

అందుకే బ్లేడ్ మాట మొదట ఎత్తు. సిటీ చెట్లకైతే మరీ ముఖ్యం. బోర్డులు కొట్టిన మేకులు, కేబుల్ కొక్కేలు, బట్టలారేసే తీగలు అన్నీ వాటిలోనే ఉంటాయి. దుంగ కొస మీద నల్లగా, నీలంగా మరక ఉంటే లోపల ఇనుముందేమోనని అనుమానించు. చెక్కలో ఉండే టానిన్ అనే వగరు పదార్థానికి ఇనుము తగిలితే ఆ రంగొస్తుంది. తుమ్మలో బాగా కనిపిస్తుంది. లోహాన్ని పట్టే చేతి డిటెక్టర్ పైపైన ఉన్నవాటినే పట్టిస్తుంది కాబట్టి దాన్ని నమ్మి హామీ ఇవ్వకు.

అలాగని కొత్త బ్లేడ్ ధర మొత్తం కస్టమర్ నెత్తిన వేయొద్దు. బ్లేడ్ 2,400 పడిందనుకో, సాన పడుతూ ఆరు వాడకాలు వస్తుందనుకో. వాడకానికి 400. మూడో వాడకం మొదట్లోనే మేకు తగిలి బ్లేడ్ తెగితే పోయింది నాలుగు వాడకాలు, అంటే 1,600. అంతే తీసుకో. సాన పడితే సరిపోయే దెబ్బయితే సాన ఖర్చూ ఆ ఒక్క వాడకం ధరా చాలు. ఈ లెక్క ముందే చెప్పు. నేనిలా చెప్పడం మొదలుపెట్టాక ఎవరూ పేచీ పెట్టలేదు.

రెండోది పలక మందం. ఇక్కడ నువ్వు చాలా పోగొట్టుకుంటున్నావు. పన్నెండంగుళాల చదరం చేసిన దుంగలో రెండంగుళాల పలకలు తీస్తే 5 కోతలు. అంగుళం పలకలైతే 11 కోతలు, పొట్టుగా పోయేది పక్కన పెడితే. అడుగు రేటు ఒకటే, పని రెట్టింపు. పల్చటి పలకలు అడిగితే రేటు వేరే చెప్పు, లేదా గంట లెక్కన కోయి.

దుంగ కొలత మీద డబ్బు తీసుకునేటప్పుడు ‘వేస్టేజీ తీసెయ్’ అంటారు, లొంగకు. చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే హెచ్చించి, పొడవుతో హెచ్చించే మన లెక్కన 5 అడుగుల చుట్టు, 8 అడుగుల పొడవు దుంగ పన్నెండున్నర ఘనపుటడుగులు వస్తుంది. నిజానికి అందులో దాదాపు 16 ఉంటాయి. తీసేయాల్సింది ఆ లెక్కలోనే పోయింది. టేపు పెట్టి చూపించు, అర్థం చేసుకుంటారు.

రానుపోను డీజిల్, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) టోల్, మిల్లు లెవెల్ చేసుకునే టైమ్ కలిపి ఒక కనీస చార్జీ పెట్టుకో. ఒక్క దుంగ కోసం మొయినాబాద్ పిలిచినా అది ఇవ్వాలి. ఎదురుచూపుకు మొదటి అరగంట వదిలెయ్, ఆ తర్వాత గంటకింత అను.

పలకలు ఆరడానికి పేర్చే పనికీ డబ్బు తీసుకో, కానీ అశ్రద్ధగా చేయకు. పలకల వరసల మధ్య అన్నీ ఒకే మందమున్న ఎండు పుల్లలు, అడుగున్నరకొకటి పెట్టాలి, పుల్ల మీదికి పుల్ల నిలువుగా రావాలి. కొసలకు మైనమో పెయింటో అదే రోజు పూయాలి. మన మే నెల ఎండకు ఒక్క మధ్యాహ్నంలో కొసలు పగులుతాయి. పగిలిన పలకను చూసిన వడ్రంగి నీ కోతనే తప్పుపడతాడు. కస్టమర్ వద్దంటే వద్దన్నాడని కాగితం మీద రాయించుకో.

పొట్టు నువ్వే తీసుకెళ్లి గేదెల కొట్టాలకు అమ్ముకుంటే ఎత్తినందుకు అడగొద్దు. ఇంట్లో పిల్లలు గుండ్రటి ముక్క కోసిమ్మంటే నవ్వుతూ కోసివ్వు.

మిల్లు చక్రాల మీద ఉంది కదా అని లైసెన్సు సంగతి వదిలేయకు. 1996 సుప్రీంకోర్టు ఆర్డర్ తర్వాత లైసెన్సు లేని మిల్లులు ఎన్నో మూతపడ్డాయి. అటవీ శాఖ ఆఫీసులో అడిగి కాగితం దగ్గర పెట్టుకో. చెట్టు కొట్టడానికి వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) అనుమతి ఓనర్ తెచ్చుకోవాలి, అది చూశాకే దుంగ మిల్లు మీదికి ఎక్కించు.

ఆదివారం ఇంటికొస్తాను. ఈలోగా నీ రేట్లన్నీ ఒక్క పేజీలో తెలుగులో రాసిపెట్టు. పోయిన నెల ఎన్ని బ్లేడ్లు పోయాయో కూడా రాయి. కూర్చుని చూద్దాం.

మీ మామయ్య