చేప ముల్లు గుచ్చుకుంటే వేడినీళ్లా, ఐసా?

ప్రశ్న: మేడమ్, సెలవల్లో ఇంట్లోవాళ్లందరం తూపిలిపాళెం బీచ్‌కి పోయినాము. జాలర్లు వల దులిపి పనికిరాని చేపల్ని పక్కన పారేస్తా ఉంటే మా తమ్ముడు అందులో మట్టిరంగులో రాయి మాదిరి ఉండే చిన్న చేపని చేత్తో తీసినాడు, వేలికి ముల్లు దిగింది. కాసేపటికే చెయ్యి వాచిపోయి నొప్పి తట్టుకోలేక ఏడ్చేసినాడు. ఒకరు పైన తాడు కట్టమన్నారు, ఒకరు ఐస్ పెట్టమన్నారు, ఒక పెద్దాయన మాత్రం వేడినీళ్లలో చెయ్యి ముంచమన్నాడు. ఎవరి మాట కరెక్టు? పాము కాటుకిచ్చే ఇంజెక్షన్ దీనికి పనిచేస్తుందా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: పెద్దాయన మాటే కరెక్టమ్మా. మీరు చెప్పిన పోలికలు స్కార్పియన్ ఫిష్, వాస్ప్ ఫిష్, స్టోన్‌ఫిష్ గుంపువి, అన్నీ దగ్గర చుట్టాలే. వాస్ప్ ఫిష్‌లు చాలావరకు జానెడు కూడా ఉండవు. స్టోన్‌ఫిష్ అడుగు దాకా పెరుగుతుంది, మన దేశంలో మన్నార్ గల్ఫ్‌లో, అండమాన్‌లో ఉంది. వీటి ఒంటిరంగు రాయిలో, నాచులో కలిసిపోతుంది, మనిషి దగ్గరికొచ్చినా పారిపోవు, కదలకుండా అట్నే ఉంటాయి, ప్రమాదమంతా అక్కడే. పాపం అవి మన మీదికి రావు, మనమే తొక్కుతాం లేదా పట్టుకుంటాం. స్టోన్‌ఫిష్ వీపు మీద మామూలుగా 13 ముళ్లు, ఒక్కో ముల్లుకి రెండు పక్కలా విషం తిత్తులు, మన బరువు పడంగానే ముల్లు మీది తోలు కిందికి జారి, తిత్తులు నొక్కుకుని, విషం ముల్లు గాడిలోంచి నేరుగా గాయంలోకి పోతుంది.

ఆ విషం ప్రొటీన్, వేడికి చెడిపోతుంది. అందుకే 42 నుంచి 45 డిగ్రీల నీళ్లలో, అంటే ఓర్చుకోగలిగినంత వేడిలో, అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచాలి, చల్లారితే మళ్లీ వేడినీళ్లు కలపాలి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, వేడి ఎంతుందో కుట్టిన చేత్తో చూడొద్దు, నొప్పిలో దానికి వేడి సరిగ్గా తెలీదు, బొబ్బలెక్కుతాయి. బాగున్న చెయ్యి ముంచి చూడండి. జెల్ల ముల్లుకీ, టేకు చేప ముల్లుకీ కూడా ఇదే వైద్యం. తాడు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, ఐస్ వద్దు.

నొప్పి తగ్గినా ఆస్పత్రికి పోవాల్సిందే. ముల్లు ముక్క లోపల విరిగి ఉంటే తీయాలి, టీటీ ఇంజెక్షన్ వేయించాలి, సముద్రం నీళ్ల గాయం తొందరగా చీము పడుతుంది. ఊపిరాడకపోయినా, కళ్లు తిరిగినా, గుండె దడగా ఉన్నా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. పాము మందు దీనికి పనికిరాదు, మన దగ్గరిచ్చేది నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలకే. స్టోన్‌ఫిష్ విషానికి విరుగుడు వేరే, ఆస్ట్రేలియాలో 1959 నుంచి ఉంది. రాళ్లు, నాచు ఉన్నచోట నీళ్లలో దిగేటప్పుడు మందం అడుగున్న బూట్లు వేసుకోండి, పల్చటి హవాయి చెప్పుల్లోంచి ముల్లు దిగిపోతుంది.

ప్రశ్న: మా చిత్తూరుకి సముద్రం చేపలు ఐస్‌లో వస్తాయి. చచ్చిన చేప ముల్లులో కూడా విషం ఉంటుందా? తింటే ఏమన్నా అవుతుందా?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఉంటుందండీ, చేప చచ్చినాక కూడా చాలా గంటలు ఆ విషం పనిచేస్తుంది, కాబట్టి గుర్తుపట్టని ముళ్ల చేపని పిల్లల చేతికివ్వొద్దు. తినడానికి మాత్రం భయం లేదు, విషం ముళ్ల దగ్గరే ఉంటుంది, ఉడికితే చెడిపోతుంది, హాంకాంగ్‌లో, జపాన్‌లో స్టోన్‌ఫిష్‌ని ఇష్టంగా తింటారు. చేప కొట్టించేటప్పుడు వీపు ముళ్లు ముందుగా కత్తిరించేయమని చెప్పండి చాలు.