ఫార్మాట్ చేయమంటోంది, చేసేయమంటారా?

ప్రశ్న: మా చెల్లి పెళ్ళి ఫొటోలు, వీడియో అన్నీ ఫొటోగ్రాఫర్ 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. మొన్నటిదాకా టీవీకి పెట్టుకుని చూశాం. ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌కి పెడితే టింగుమని సౌండ్ వస్తోంది గానీ 'దిస్ పీసీ'లో ఏమీ కనబడట్లేదు. మా బావ సిస్టమ్‌లో పెడితే ఫార్మాట్ చేయమని అడుగుతోంది. చేసేయమంటారా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: వద్దు. ఆ బాక్సు ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు క్యాన్సిల్ కొట్టండి. ముందు ఆ ఫొటోగ్రాఫర్‌కి ఫోన్ చేయండి, చాలామంది ఒరిజినల్స్ కొన్ని నెలలపాటు హార్డ్‌డిస్క్‌లో ఉంచుకుంటారు, ఉంటే ఈ తలనొప్పంతా ఉండదు.

తన దగ్గర లేవంటే టెన్షన్ పడకుండా ఒక పని చేయండి. యూఎస్‌బీ హబ్ ఏదైనా వాడుతుంటే తీసేసి పెన్‌డ్రైవ్‌ను నేరుగా పెట్టండి, డెస్క్‌టాప్ అయితే వెనకవైపు పోర్టులో పెట్టండి (ముందువి లోపల కేబుల్‌తో మదర్‌బోర్డుకి కలిపినవి, అవి లూజయిపోవడం మామూలే). తర్వాత స్టార్ట్ బటన్ మీద రైట్‌క్లిక్ చేసి 'డిస్క్ మేనేజ్‌మెంట్' తెరవండి. 'దిస్ పీసీ'లో కనబడనంత మాత్రాన పెన్‌డ్రైవ్ చచ్చిపోయినట్టు కాదు, అసలు సంగతి ఇక్కడ తెలుస్తుంది.

సైజు సరిగ్గా చూపిస్తూ పక్కన డ్రైవ్ అక్షరం (E:, F: లాంటిది) లేకపోతే అదృష్టవంతులు. దానిమీద రైట్‌క్లిక్ చేసి 'చేంజ్ డ్రైవ్ లెటర్' లోకి వెళ్ళి ఏదో ఒక అక్షరం ఇస్తే సరి. కానీ మీ బావ సిస్టమ్ ఫార్మాట్ అడిగిందంటే, నా అనుమానం, అక్కడ 'రా' (RAW) అని కనిపిస్తుంది. అంటే ఏ ఫైలు ఎక్కడుందో రాసిపెట్టుకునే పట్టిక పాడైంది, ఫొటోలు మాత్రం చాలావరకు లోపలే ఉంటాయి. పెన్‌డ్రైవ్‌లలో ఫైళ్ళను సర్దడానికి ఎక్కువగా వాడే ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతులకు, ఏదైనా రాస్తుండగా మధ్యలో లాగేస్తే తేరుకునే ఏర్పాటు పెద్దగా లేదు.

యూట్యూబ్‌లో చూసి ముందే చెక్‌డిస్క్ కొట్టకండి. అది డ్రైవ్‌ను సరిచేయడానికి పట్టికను తిరగరాస్తుంది, మీ ఫైళ్ళను కాపాడటం దాని పని కాదు. 'ఫొటోరెక్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దాంతో ఫొటోలు బయటికి తీయండి. తీసినవి ల్యాప్‌టాప్‌లోనే సేవ్ చేయాలి, పొరపాటున కూడా అదే పెన్‌డ్రైవ్‌లో కాదు. ఫైళ్ళ పేర్లూ ఫోల్డర్లూ పోతాయి, వేల ఫొటోలు అంకెలతో కలగాపులగంగా వస్తాయి, ఓపిగ్గా సర్దుకోవాలి. పెద్ద వీడియో పెన్‌డ్రైవ్‌లో ఒకేచోట కాకుండా ముక్కలుగా ఉండి ఉంటే పూర్తిగా రాకపోవచ్చు.

అలా కాకుండా 'నో మీడియా' అనో, సైజు సున్నా అనో చూపిస్తే మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ పనిచేయదు. లోపలి కంట్రోలర్ చిప్ మెమరీతో మాట్లాడటం మానేసిందన్నమాట. డేటా రికవరీ ల్యాబ్‌కి ఇవ్వాలి, వేలల్లో అడుగుతారు, అయినా గ్యారంటీ ఉండదు.

ఫొటోలన్నీ చేతికొచ్చాక నిశ్చింతగా ఫార్మాట్ చేసుకోండి. ఎక్స్‌ఫ్యాట్ ఎంచుకోండి, ఎందుకంటే ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, పెళ్ళి వీడియోలేమో తేలిగ్గా దాటేస్తాయి. కొన్ని పాత టీవీలు ఎక్స్‌ఫ్యాట్‌ను చదవవు, అది చూసుకోండి. 'క్విక్ ఫార్మాట్' టిక్ తీసేయండి, టైమ్ పడుతుంది గానీ మొత్తం రాసి చూస్తుంది, మధ్యలో ఎర్రర్ వస్తే ఇక దాన్ని నమ్మకండి.

ప్రశ్న: జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుని వచ్చాక పెన్‌డ్రైవ్‌లో ఫైళ్ళన్నీ షార్ట్‌కట్‌లు అయిపోయాయి. అంతా పోయినట్టేనా?

జవాబు: పోలేదు, వైరస్ దాచేసింది. ఆ షార్ట్‌కట్‌ల మీద క్లిక్ చేయకండి, చేస్తే మీ సిస్టమ్‌కీ ఎక్కుతుంది. ముందు యాంటీవైరస్‌తో స్కాన్ చేయండి. తర్వాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో 'షో హిడెన్ ఫైల్స్' పెట్టి, దాని కిందే ఉండే 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' టిక్ తీసేస్తే అసలువి బయటపడతాయి, కొన్నిసార్లు పేరే లేని ఒక ఫోల్డర్‌లో ఉంటాయి. డాక్యుమెంట్లు, ఫొటోలు మాత్రమే కాపీ చేసుకుని పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేసేయండి. ఈసారి షాపుకి వెళ్ళేటప్పుడు పాతదేదైనా చిన్న పెన్‌డ్రైవ్ తీసుకెళ్ళండి, అందులో ఆ ఒక్క పీడీఎఫ్ తప్ప ఇంకేమీ ఉంచకండి.