రెండు సాఫ్ట్‌వేర్లలో ‘తర్వాత’ అంటే ఒకటే అర్థమా? పీఎస్ఎల్‌తో మా అనుభవం

మీరడిగింది: ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌కీ షాప్ ఫ్లోర్‌లో తయారీని అడుగడుగునా నడిపించి రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ ఎంఈఎస్‌కీ మధ్య ఎక్స్ఎంఎల్ మ్యాపింగ్ (ఒకదాంట్లోని ఫీల్డ్ ఇంకోదాంట్లో దేనికి సమానమో చెప్పేది) ఇప్పటికే ఉంది కదా, మళ్లీ పీఎస్ఎల్ (ప్రాసెస్ స్పెసిఫికేషన్ లాంగ్వేజ్) లాంటి, తర్కం మీద కట్టిన ఒంటాలజీ, అంటే పదాల అర్థాలని కచ్చితంగా రాసిపెట్టే నిర్వచనాల సముదాయం, ఎందుకు, అది పీహెచ్‌డీ చేసేవాళ్లకే కదా పనికొచ్చేది అని. మాకైతే పనికొచ్చింది, అదీ ఒక బ్యాచ్ పోగొట్టుకున్నాక.

హైదరాబాద్ దగ్గర ట్యాబ్లెట్లు తయారుచేసే ఒక ప్లాంట్‌లో ఈ రెండింటినీ కలిపే పని నాది. ‘బ్లెండింగ్ తర్వాత కంప్రెషన్’ అని రెండిట్లోనూ ఉంది, ఫీల్డ్ పేర్లు కలిశాయి, డేటా రూపం సరిగ్గా ఉందో లేదో చూసే స్కీమా వాలిడేషన్‌లో ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. కానీ ప్లానింగ్ దృష్టిలో తర్వాత అంటే ఎప్పుడైనా తర్వాతే, అందుకే మెషిన్ ఖాళీ చూసుకుని కంప్రెషన్‌ని కొన్ని రోజులు వెనక్కి నెట్టేసింది. ఎంఈఎస్‌లో తర్వాత అంటే బ్లెండ్ హోల్డ్ టైమ్ (కలిపిన పొడిని అలా ఉంచగలిగే గడువు) లోపలే. గడువు దాటిపోయింది, బ్యాచ్ ఆగిపోయింది, నియమం తప్పిందని డీవియేషన్ రిపోర్టు రాశారు. డేటా మొత్తం సరిగ్గానే చేరింది, చేరనిది అర్థం ఒక్కటే.

ఆ టెన్షన్‌లోనే పీఎస్ఎల్ చదివాను. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో 1990ల్లో మొదలైంది, తర్వాత ఐఎస్ఓ 18629గా ప్రమాణం అయింది. మూలంలో ఉన్నవి నాలుగే: యాక్టివిటీ, అకరెన్స్, కాలబిందువు, వస్తువు. రెసిపీలో రాసి ఉన్న పని యాక్టివిటీ, అది నిజంగా జరిగిన ఒక్కోసారి ఒక్కో అకరెన్స్. మిగతాదంతా వీటి మీద ఫస్ట్ ఆర్డర్ లాజిక్‌లో, అంటే ‘ప్రతి’, ‘ఏదో ఒకటి’ లాంటి మాటల్ని కచ్చితంగా రాసే తర్కంలో, రాసిన సూత్రాలే.

మాకు కళ్లు తెరిపించింది అందులో వరుస గురించి చెప్పే భాగం. ఒక పెద్ద పనిలో ఒక అడుగు ఇంకో అడుగుకి ముందు జరిగింది అనడానికి ‘మిన్ ప్రిసీడ్స్’ అని ఒక సంబంధం ఉంది. ఆ రెంటి మధ్యలో అదే పనికి చెందిన ఇంకో అడుగేదీ లేదు అనడానికి ‘నెక్స్ట్ సబ్ అక్’ అని వేరే సంబంధం ఉంది. సరే, మాకు కావలసింది రెండోదే అనుకున్నాను, అదీ తప్పే! మధ్యలో ఇంకో అడుగు లేనంత మాత్రాన మధ్యలో నాలుగు రోజులు గడవకూడదని ఎక్కడా లేదు, కాలవ్యవధిని విడిగా రాయాలి. అంటే మేం రోజూ వాడుతున్న ఒక్క ‘తర్వాత’లో మూడు మాటలు కలిసిపోయి ఉన్నాయి, సూత్రంగా రాయడానికి కూర్చునే దాకా మా టీమ్‌లో ఎవరికీ అది కనిపించలేదు.

వెబ్‌లో ఒంటాలజీలు రాయడానికి ఎక్కువగా వాడే ఓడబ్ల్యూఎల్ భాషతో సరిపోదా అంటే, పదార్థాల, పరికరాల వర్గీకరణకి బాగుంటుంది. కానీ అందులో సంబంధం రెండు వస్తువుల మధ్యే ఉంటుంది, పైన చెప్పిన రెండు సంబంధాలకీ మూడు చోట్లు కావాలి: ఈ అడుగు, ఆ అడుగు, ఏ పెద్ద పనిలో అన్నది. చుట్టు తిప్పి రాయొచ్చు గానీ చదివేవాళ్లకి నరకం.

ఇంకోటి, దీన్ని లైవ్ సిస్టమ్‌లో పెట్టి నడపాలని చూడకండి. ఫస్ట్ ఆర్డర్ లాజిక్‌లో ప్రూవర్ (సూత్రాల నుంచి రుజువు వెతికే ప్రోగ్రామ్) జవాబు చెప్పకుండా నడుస్తూనే ఉండొచ్చు. పైగా పీఎస్ఎల్‌లో అకరెన్సులన్నీ ఒక అంతులేని చెట్టులా పెరుగుతాయి, కాబట్టి సూత్రాలన్నీ నిజమయ్యే పరిమితమైన ఉదాహరణని వెతికే మేస్4 లాంటి టూల్‌కి మొత్తం ఇస్తే అలాంటిదేదీ దొరకదు. మేం వరుసకి సంబంధించిన కొన్ని సూత్రాలే ఏరి ఇచ్చాం. ప్లానింగ్ నియమాలన్నీ పాటిస్తూనే ఎంఈఎస్ నియమం తప్పే ఉదాహరణ ఒకటి అదే వెతికి ఇచ్చింది, సరిగ్గా మా బ్యాచ్ కథ. అది చూశాకే మా మేనేజర్ గారు ఒప్పుకున్నారు. ఇప్పుడు నడిచేది మామూలు మ్యాపింగ్ కోడే, కాకపోతే ప్రతి ఫీల్డ్ పక్కన అది ఏ అర్థమో రాసి ఉంటుంది.

మీకు సాఫ్ట్‌వేర్లు రెండే అయితే ఇంత శ్రమ ఎక్కువ అనిపించొచ్చు. అయిదు ఉంటే మాత్రం జతలవారీగా 20 అనువాదాలు రాయాలి, మధ్యలో ఒక ఒంటాలజీ ఉంటే పది చాలు.

మొదలుపెట్టేటప్పుడు ముందు రీవర్క్, అంటే ఒక పనిని మళ్లీ చేయడం, ఎలా నమోదవుతోందో చూడండి. మా దగ్గర ప్లానింగ్ పంపే వరుస ఒక యాక్టివిటీ, ఎంఈఎస్ పంపేది ఒక అకరెన్స్, మ్యాపింగ్‌లో మాత్రం రెండిటికీ ఒకటే ఐడీ. కోటింగ్ రెండోసారి చేసిన ప్రతిసారీ మొదటిసారి రికార్డు చెరిగిపోతోందని పీఎస్ఎల్‌లోని ఆ నాలుగు రకాలుగా విడదీసి రాసిన రోజే బయటపడింది.