బ్యాంకులో 9,400 పెట్టుకుని ఏ ట్రాక్టర్ కొనాలి అంటే ఏం చెప్పాలి

ఈసారి ప్రశ్న డల్లాస్‌కి ఉత్తరాన, వాన్ ఆల్‌స్టైన్ వైపు ఐదెకరాల్లో ఇల్లు కొనుక్కున్న ఒకాయన నుంచి. హెచ్1బి మీద ఉన్నారు, గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయింది, గ్రీన్ కార్డ్ లైన్లో వెయిటింగ్. భార్య హెచ్4 (హెచ్1బి వాళ్ళ భార్య లేదా భర్తకిచ్చే వీసా) ఈఏడీ, అంటే వర్క్ పర్మిట్ మీద జాబ్ చేస్తారు, ఇద్దరు పిల్లలు. ఇంటి చుట్టూ ఉన్న ఎకరం రైడింగ్ మోవర్‌తో అయిపోతుంది, మిగతా నాలుగెకరాల్లో జాన్సన్ గ్రాస్ నడుం దాకా లేస్తోంది. ఆయన రెండు ఆప్షన్లు రాశారు. ఒకటి 1951 ఫోర్డ్ 8ఎన్ 3,200 డాలర్లకి, దాంతో పాత బుష్ హాగ్ (ట్రాక్టర్ వెనక తగిలించే గడ్డి మోవర్) ఇంకో 900. రెండోది కొత్త 25 హెచ్‌పీ కాంపాక్ట్, లోడర్ మోవర్ కలిపి 28,000, జీరో పర్సెంట్ మీద 84 నెలలు, డౌన్ పేమెంట్ 5,600 మాత్రం 401కె (ఆఫీసు రిటైర్మెంట్ ఖాతా) నుంచి లోన్ తీసి కడతారట. "వీకెండ్ పూట చుట్టుపక్కల వాళ్ళ గడ్డి కొట్టిపెడితే ఈఎంఐ దానంతటదే వచ్చేస్తుందని మా బావమరిది అంటున్నాడు, పాతది తీసుకోనా కొత్తదా" ఇదీ ప్రశ్న.

ట్రాక్టర్ సంగతి చెప్తాను, కానీ ముందు మీరు ఉత్తరం చివర్లో ఒక్క లైన్‌లో రాసేసి వదిలేసిన దాని గురించి మాట్లాడాలి. నెల ఖర్చు 6,800, సేవింగ్స్ 9,400. అంటే రేపు పొద్దున జీతం ఆగితే మీ దగ్గర నలభై రోజులకి డబ్బుంది. జాబ్ పోతే హెచ్1బి వాళ్ళకి ఉండే గ్రేస్ పీరియడే 60 రోజులు, అది కూడా గరిష్ఠంగా, ఐ-94 (ఈ దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) అంతకన్నా ముందే అయిపోతే ఇంకా తక్కువ. ఆ 60 రోజుల్లో కొత్త కంపెనీ మీ పిటిషన్ ఫైల్ చెయ్యాలి, లేదంటే స్టేటస్ మార్చుకోవాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి. మీ డబ్బు ఆ గడువు కన్నా ముందే అయిపోతోందండీ, ఇది చూసుకోకుండా మీరు టైర్లు బాగున్నాయా అని ఫోటోలు జూమ్ చేసుకుంటున్నారు!

రెండు జీతాలున్నాయి కదా అంటారు, నాకు తెలుసు, నాకు రాసేవాళ్ళలో సగం మంది అదే అంటారు. మీ ఆవిడ హెచ్4 మీ హెచ్1 మీద ఆధారపడి ఉంది. మీ స్టేటస్ పోతే ఆవిడ స్టేటస్ కూడా పోతుంది, దాంతో పాటే ఈఏడీ. అందుకని వీసా మీద ఉన్న ఇంటికి మూడు నెలల ఖర్చుకి సరిపడే ఎమర్జెన్సీ ఫండ్ చాలదని నేను ఎప్పుడూ చెప్తూనే ఉంటాను, ఆరు నెలలు ఉండాలి, మీ లెక్కలో 40,800. ఒకేసారి అవ్వదు, సరే. కనీసం సగం, 20,400 అయ్యేదాకా ఇనప ముక్క కూడా కొనకండి. నెలకి 1,500 మిగులుతోందని మీరే రాశారు కాబట్టి ఏడెనిమిది నెలల్లో అక్కడికి చేరతారు. మళ్ళీ వసంతం వచ్చేసరికి ట్రాక్టర్ చూసుకోవచ్చు, మిగతా సగం ఆ తర్వాత కూడా ఆపకుండా నింపుకుంటూ పోవచ్చు.

ఈ లోపు గడ్డి ఎవరు కొడతారు? దానికి జవాబు కూడా మీ ఉత్తరంలోనే ఉంది. రోడ్డవతల ఉన్న పెద్దాయన తన ట్రాక్టర్‌తో వచ్చి నాలుగెకరాలూ కొట్టడానికి సారికి 220 అడిగాడన్నారు, మీకది ఎక్కువ అనిపించింది. సీజన్‌కి నాలుగు సార్లు పిలిచినా 880. మీరు కొనాలనుకున్న పాత ట్రాక్టర్, బుష్ హాగ్ కలిపితే 4,100, పైన బ్యాటరీ, ఆయిల్, హోసులు, టైర్లు. ఆయన్ని పిలవండి, పక్కన నిలబడి చూడండి, మీ నేలలో ఎక్కడ గుంట ఉంది ఎక్కడ రాయి ఉంది అనేది మీకే తెలిసిపోతుంది.

ఇప్పుడు 401కె. దీని మీద నాకు ఓపిక తక్కువ, ముందే చెప్తున్నా. "మన డబ్బు మనకే వడ్డీ కట్టుకుంటున్నాం కదా" అనే మాట వినీ వినీ విసుగొచ్చింది. జాబ్ నిలకడగా ఉన్నన్నాళ్ళు ఆ మాటలో కొంత నిజం ఉందనుకుందాం. జాబ్ పోయినా మానేసినా చాలా ప్లాన్లు మిగిలిన లోన్ మొత్తం కట్టెయ్యమంటాయి. ఆ ఏడాది టాక్స్ ఫైలింగ్ గడువులోపు (ఎక్స్‌టెన్షన్ తీసుకుంటే దాంతో కలిపి) మీరు ఆ మొత్తం ఐఆర్‌ఏలో (మీ పేరున తెరిచే రిటైర్మెంట్ ఖాతా) వేసుకోలేకపోతే అది ఆదాయం కింద లెక్క, 59½ ఏళ్ళు నిండలేదు కాబట్టి పది శాతం పెనాల్టీ అదనం. అంటే సరిగ్గా మీ చేతిలో పైసా లేని టైమ్‌లో ఆ బిల్లు వస్తుంది. ట్రాక్టర్ డౌన్ పేమెంట్ కోసం ఇంత రిస్కా? ఆ పైన 22,400 కి 84 నెలలంటే నెలకి 267, ఏడేళ్ళు. ఏడేళ్ళ తర్వాత మీరు ఏ ఊళ్ళో ఉంటారో వీసాలు చూసే యూఎస్‌సీఐఎస్‌కే తెలియదు. ఇంకోటి, ఆ జీరో పర్సెంట్ ఫ్రీగా రాదు, డీలర్‌ని క్యాష్ అయితే ఎంత అని అడిగి చూడండి, తేడా ఎక్కడ దాచారో బయటపడుతుంది.

బావమరిది ఐడియా. దయచేసి ఆయన్ని ఈ విషయంలో దూరం పెట్టండి. హెచ్1బి మీద మీరు ఆ కంపెనీ జాబ్ తప్ప ఇంకో పని చేసి డబ్బు తీసుకోకూడదు, వీకెండ్ అయినా, క్యాష్ అయినా, గడ్డి అయినా. ఏళ్ళ తరబడి కాచుకున్న గ్రీన్ కార్డ్‌ని నెలకి 267 కోసం పణంగా పెడతారా? ఇన్సూరెన్స్ వైపు నుంచి కూడా ఇది తప్పే. సొంత ఇంటి పనికి వాడే ట్రాక్టర్‌ని చాలా హోమ్ పాలసీలు ఒప్పుకుంటాయి గానీ డబ్బు తీసుకుని పక్కవాళ్ళ నేలలో నడిపితే అది బిజినెస్ అంటారు, బ్లేడ్ కింద నుంచి రాయి ఎగిరి ఎవరి కారు అద్దానికో కంటికో తగిలితే కంపెనీ చేతులెత్తేస్తుంది. మీకు టర్మ్ ఇన్సూరెన్స్ ఆఫీసు ఇచ్చింది తప్ప వేరే లేదని కూడా రాశారు. జాబ్‌తో పాటు అది కూడా పోతుంది. ఈ నెలే ఇద్దరూ విడిగా తీసుకోండి, వెయ్యి కారణాలు చెప్పొద్దు. అంబ్రెల్లా పాలసీ (మీ వల్ల ఎవరికైనా నష్టం జరిగితే ఇంటి పాలసీ పైన అదనంగా కవర్ చేసేది) ఒకటి, ట్రాక్టర్ వచ్చిన రోజు.

సరే, వచ్చే వసంతం. ఫండ్ సగం నిండింది, వేరేగా ఒక ఐదు వేలు కూడబెట్టారు అనుకుందాం. అప్పుడు కూడా 8ఎన్ వద్దనే అంటాను, బండి చెడ్డదని కాదు. 1947 నుంచి 52 దాకా ఐదు లక్షలకి పైగా చేశారు, పార్ట్స్ ఇప్పటికీ దొరుకుతాయి, రిపేరు నేర్చుకోవడానికి అంత తేలికైన ఇంజిన్ లేదు. కానీ దానికి లైవ్ పీటీఓ లేదు, అంటే మోవర్‌ని తిప్పే షాఫ్ట్ క్లచ్‌తో సంబంధం లేకుండా తిరగదు. క్లచ్ తొక్కితే మోవరూ ఆగాలి, మోవర్‌ని ఎత్తి దించే హైడ్రాలిక్స్ కూడా ఆగుతాయి, ఓవర్‌రన్నింగ్ క్లచ్ అనే విడి భాగం పెట్టకపోతే మోవర్ బ్లేడ్లు తిరిగే ఊపు ట్రాక్టర్‌నే ముందుకు నెడుతుంది, మీరు క్లచ్ తొక్కే ఉన్నా సరే, కంచె ముందు ఆగదు. మొదటిసారి ట్రాక్టర్ ఎక్కేవాళ్ళకి ఇది చాలా డేంజర్. నడుం ఎత్తు గడ్డిలో ఫస్ట్ గేర్ కూడా స్పీడే అనిపిస్తుంది. పైగా ఆరు వోల్టుల పాజిటివ్ గ్రౌండ్ (బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపేది) కరెంటు, తెలియక కేబుల్స్ అటూ ఇటూ పెట్టి కాల్చుకున్నవాళ్ళున్నారు. అక్కడ మొదలవుతుంది అర్ధణా కోడికి ముప్పావలా దిష్టి.

అంతకన్నా మాస్సీ ఫెర్గూసన్ 135 చూడండి, 1964 నుంచి 75 దాకా వచ్చింది, పెర్కిన్స్ మూడు సిలిండర్ల డీజిల్ ఉన్నదీ, రెండు దశల క్లచ్ (సగం తొక్కితే బండి ఆగుతుంది, మోవర్ తిరుగుతూనే ఉంటుంది) ఉన్నదీ అయితే మీ పనికి ఎక్కువే. మన ఊళ్ళలో టాఫే మాస్సీ 1035 చూసినవాళ్ళకి అది కొత్తగా ఏం అనిపించదు. రేటు 8ఎన్ కన్నా ఎక్కువ ఉంటుంది, మరో రెండు నెలలు ఆగండి. ఫోర్డే కావాలి అంటే 660 వెతకండి, దానికి లైవ్ పీటీఓ ఉంటుంది, 640 కి ఉండదు, అమ్మేవాడు రెండూ ఒకటే అంటాడు. ఫార్మాల్ కబ్ ముద్దుగా ఉంటుంది, కూరగాయల మడికి సరిపోతుంది, నాలుగెకరాల జాన్సన్ గ్రాస్‌కి కాదు. కొనే రోజు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్ళండి, మీరొచ్చేసరికే వేడిగా ఉందంటే స్టార్టింగ్ ట్రబుల్ దాస్తున్నాడన్నమాట. మోవర్ తగిలించి, ఎత్తి, ఇంజిన్ ఆపి పావుగంట మాట్లాడుతూ ఉండండి, ఎంత కిందికి దిగిపోయిందో చూడండి.

ఏది కొన్నా రోల్ బార్ (బండి తిరగబడితే మీరు నలగకుండా కాపాడే ఇనప చట్రం) ఖర్చు బడ్జెట్లో వేసుకోండి, ఆ కాలం ట్రాక్టర్లకి అది రాలేదు, ఇక్కడ కొత్త ట్రాక్టర్లకి మామూలైంది 80ల మధ్యలోనే. ఈ దేశం పొలాల్లో ప్రాణాలు ఎక్కువగా పోయేది ట్రాక్టర్ తిరగబడే. మీ ఫోటోలో చెరువు కట్ట కనిపించింది, ఆ వాలు మీద ఈ బండి ఎక్కించొద్దు, అక్కడ చేతి మెషినే. పిల్లల్ని మడ్‌గార్డ్ మీద కూర్చోబెట్టి ఫోటోలు అసలే వద్దు. రోల్ బార్ పెట్టాక బెల్ట్ కట్టుకోండి, రోల్ బార్ లేకుండా మాత్రం కట్టుకోకూడదు.

చివర్లో అడిగారు, ట్రాక్టర్ ఉంటే ప్రాపర్టీ టాక్స్‌లో ఆగ్ ఎగ్జెంప్షన్ (వ్యవసాయ భూమికి పన్ను తగ్గింపు) వస్తుందా అని. రాదు. టెక్సస్‌లో చూసేది నేల వాడకం, గడిచిన ఏడేళ్ళలో ఐదేళ్ళు వ్యవసాయం జరిగి ఉండాలి. తేనెటీగలు పెడదాం అనుకుంటే ఐదు నుంచి ఇరవై ఎకరాలుండాలి, ఇంటి కింద ఎకరం తీసేస్తే మీకు మిగిలేది నాలుగే. పన్ను కోసం ఆస్తి విలువ కట్టే మీ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి ఒక ఫోన్ చెయ్యండి, మీరు కొనకముందు ఆ నేల మీద ఏం జరిగేదో వాళ్ళ రికార్డుల్లో ఉంటుంది.